సాక్షి వేడెక్కుతుందా?

కోపం వచ్చినప్పుడు ఆ కోపాన్ని పక్కన నిలబడి చూడమంటారు పెద్దలు. చూసేవాడికి కోపం అంటదు, వాడే సాక్షి అంటారు. ఆ మాట మీద నాకు గురి ఉంది. కానీ అలా పక్కన నిలబడ్డానని నేననుకున్నప్పుడు నిలబడింది సాక్షేనా, మనసు కట్టిన ఇంకో వేషమా? ఈ ప్రశ్న నన్ను నా వృత్తిలో నుంచే పట్టుకుంది.

వింజమూరులో ఇంట్లోనే కూర్చుని నేను కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపే లినక్స్ కెర్నెల్ మీద పని చేస్తాను. చిప్ వేడి మారినప్పుడల్లా ఆ మార్పును నమోదు చేసే ట్రేస్‌ను ఒక బోర్డుకు చేర్చడం ఈ మధ్య నా పని. కెర్నెల్ ఉష్ణ విభాగంలో ఇలాంటి ట్రేస్ ఈవెంట్లు 2014లోనే చేరాయి. ఒకటి వేడిని నమోదు చేస్తుంది: ఏ జోన్, ఇంతకుముందు ఎంత, ఇప్పుడెంత. అంకె మిల్లీడిగ్రీల్లో ఉంటుంది. 65000 అని కనిపిస్తే 65 డిగ్రీల సెల్సియస్ అన్నమాట. ఇంకొకటి వేడి ఏ హద్దు దాటిందో చెబుతుంది. మరొకటి ఫ్యాను వేగమో, ప్రాసెసర్ వేగమో ఏ మెట్టుకు మారిందో రాస్తుంది. వేడి ప్రమాదపు హద్దు దాటితే యంత్రాన్ని ఆపేసేది కెర్నెల్‌లోనే వేరే భాగం. ట్రేస్ దేన్నీ ఆపదు, దేన్నీ చల్లబరచదు, తప్పొప్పులు ఎంచదు. చూసింది చూసినట్టు రాస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు సాక్షి లక్షణం అచ్చంగా ఇదే కదా అనిపించింది. ఇంకాస్త లోపలికి వెళితే అలా కాదని తెలిసింది. ట్రేస్‌ను వాడనప్పుడు కోడ్‌లో దాని చోట ఏమీ చేయని ఒక ఆదేశం ఉంటుంది. దాని ఖర్చు దాదాపు సున్నా. ఆన్ చేయగానే కెర్నెల్ తన కోడ్‌ను తానే అక్కడ మార్చుకుని దారి మళ్లిస్తుంది. అప్పటినుంచి ప్రతి నమోదుకూ ప్రాసెసర్ కొంత పని చేయాలి. పని అంటే కరెంటు, కరెంటు అంటే వేడి. ఎంత కొంచెమైనా, వేడిని రాసేది కూడా వేడి పుట్టిస్తుంది.

మా మెట్ట ప్రాంతంలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఎరిగినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆకు పసుపు తిరిగేదాకా లోపల వేడి 40 డిగ్రీల లోపు నిలపాలి. ఈనె ఎండేటప్పటికి 70 దాకా పోవాలి. తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది. రాత్రంతా మా నాయన అద్దంలోంచి థర్మామీటర్ చూస్తూ పొయ్యిలో కట్టెలు సర్దేవాడు. తలుపు తీసి చూస్తే వేడి జారిపోతుంది, అందుకే అద్దం. అయితే అద్దం అవతల ఆకుల మధ్య వేలాడే థర్మామీటర్ సంగతేమిటి? తాను వేడెక్కకుండా అది వేడిని చెప్పలేదు. చిప్‌లోని సెన్సార్ అయినా అంతే.

మరి వేడెక్కకుండా చూసేది ఉందా? ఈ ప్రశ్నకు పాత జవాబొకటి మా సీమతో ముడిపడి ఉంది. సాయణాచార్యులు వేదభాష్యకారుడని అందరికీ తెలుసు. మా ఉదయగిరి సీమను 14వ శతాబ్దంలో ఏలిన కంపరాయలకూ, ఆయన కొడుకు రెండవ సంగమునికీ సాయణుడే మంత్రి అని తెలిసినవాళ్లు తక్కువ. సాయణుని అన్న మాధవుడే విద్యారణ్యుడని సంప్రదాయం. ఆ విద్యారణ్యుని పేరిట, కొందరి లెక్కన భారతీతీర్థుల పేరిట, నిలిచిన దృగ్దృశ్యవివేకం ఒక్కో మెట్టే ఎక్కిస్తుంది. రూపాన్ని కన్ను చూస్తుంది. కంటిని మనసు చూస్తుంది. మనసును సాక్షి చూస్తుంది. ఆ సాక్షిని చూసేది ఇంకొకటి లేదు. ఇంకొకటి ఉందంటే దాన్ని చూసేదెవరన్న ప్రశ్న వస్తుంది. దానికి తుది ఉండదు. దాన్నే అనవస్థాదోషం అన్నారు.

కెర్నెల్ రాసేవాళ్లకూ ఈ దోషం ఎదురైంది. ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో రాసే ఎఫ్‌ట్రేస్ 2008లో కెర్నెల్‌లో చేరింది. ఆ రాసే ఫంక్షన్ నడకను కూడా రాయబోతే అది తనలో తాను తిరుగుతూ యంత్రాన్ని ముంచేస్తుంది. అందుకని అలాంటి ఫంక్షన్ల మీద నోట్రేస్ అనే గుర్తు వేసి, వీటి జాడ తీయవద్దన్నారు.

రెండు చోట్లా పరంపర ఆగింది, కానీ ఆగిన కారణాలు వేరు. వేదాంతంలో ఆగడానికి కారణం సాక్షి స్వయంప్రకాశం కావడం. దానికి ఇంకో దీపం అక్కర్లేదు. కెర్నెల్‌లో ఆగడానికి కారణం మనం గీసిన గీత. ఆ గీత అవతల వెలుగు లేదు, చూడని చోటు మాత్రమే ఉంది.

కాబట్టి నా కోపాన్ని నేను గమనిస్తున్నానని చెప్పే గొంతు సాక్షి కాదని నేను నమ్ముతాను. అది మనసులోని ఒక వృత్తి, అంటే మనసు కదలికల్లో ఒకటి. థర్మామీటర్‌లాగే తానూ వేడెక్కుతుంది, తనకు కనిపించని చోటు తనలోనే ఉంచుకుంటుంది. దాన్ని సాక్షి అని పిలిస్తే నా పక్షపాతానికి ఆత్మ అని పేరు పెట్టినట్టే. మరి ఆ గమనింపు పనికిరానిదా? కాదు. ఇంతకుముందు ఎంత, ఇప్పుడెంత, ఏ హద్దు దాటాను అన్న మూడూ తీర్పు చెప్పకుండా రాసుకునే మనసు, హద్దు దాటకముందే మాట ఆపగలుగుతుంది. సాక్షిని అభ్యాసంతో తయారుచేయలేం. నిజాయితీగల లెక్కను తయారుచేయగలం. సాధన అని నేను పిలిచేది దాన్నే.