నాలుగో గిన్నె

ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో ఒక అత్తా, కోడలూ ఉండేవారు. అత్తకు ఒక జెర్సీ ఆవు. కోడలు కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి మరో ఆవును తోలుకొచ్చుకుంది. రెండూ ఒకే కొట్టంలో ఉండేవి, రెండింటి పాలూ ఒకే క్యానులో పట్నానికి పోయేవి.

ఒక వానాకాలం పాలు పూటకింత తగ్గసాగాయి. అత్త మేత మార్చింది, దిష్టి తీసింది. కోడలు మాత్రం పుట్టింటి ఊళ్లో పశువుల డాక్టరు నేర్పిన పరీక్ష చేసింది. అరలీటరు నీళ్లలో 6 చెంచాల సర్ఫు కలిపింది. తన ఆవు నాలుగు చన్నుల పాలనూ నాలుగు గిన్నెల్లోకి విడివిడిగా పిండి, పాలు ఎన్నో సర్ఫు నీళ్లూ అన్నే పోసి తిప్పింది. మూడు గిన్నెల్లో పాలు పల్చగానే తిరిగాయి. నాలుగో గిన్నెలో మాత్రం గుడ్డు తెల్లసొనలా జిగురుకట్టి అడుగున అంటుకున్నాయి. పైకి వాపు లేదు, పాలలో విరుగు లేదు, అయినా వెనక కుడి చన్నులో పొదుగువాపు మొదలైందన్నమాట. రోగంతో పోరాడటానికి పొదుగులో చేరిన కణాలు సబ్బుకు పగిలి పాలను అలా చిక్కబరుస్తాయి. పొదుగువాపును పసిగట్టడానికి 1957లో వచ్చిన కాలిఫోర్నియా పరీక్ష కిటుకూ ఇదే.

కోడలు అత్త ఆవునూ పరీక్షించబోయింది. అత్త దాని దగ్గరికి గిన్నె రానివ్వలేదు. కోడలి ఆవు రోగిష్టిదని వాడంతా చెప్పి, తన ఆవుకు ఏ వంకా లేదని మురిసిపోయింది. కోడలు ఆ మాటలన్నీ పడింది. డాక్టరు చేత చన్నులోకి మందు ఎక్కించింది. మందు నడిచినన్నాళ్లూ ఆ పాలు పారబోసింది. అత్త ఆవును పితికాకే తన ఆవును పితికేది, పితికిన వెంటనే అది పడుకోకుండా ముందు మేత వేసేది. తర్వాత చేసిన పరీక్షలో నాలుగు గిన్నెలూ పల్చగా తిరిగాయి.

దసరా నాటికి అత్త ఆవు పొదుగు ఎర్రబడి కాగిపోయింది. పాలలో గడ్డలూ, నెత్తుటి చారలూ కనబడ్డాయి. ఆవు ప్రాణం దక్కింది గానీ, ఒక చన్ను గట్టిపడిపోయి మళ్లీ పాలివ్వలేదు.

నీతి: రోగిష్టిదని పేరుపడిన ఆవు నిలిచింది, వంకలేదనిపించుకున్న ఆవు చెడింది. పరీక్షలో లోపం బయటపడటం పరువు తక్కువ కాదు, బాగుపడే అదను అదే. పాడి ఉన్నవాళ్లు 15 రోజులకోసారి ఒక్కో చన్ను పాలనూ విడిగా చూసుకోండి, పక్కింటి గిన్నెలో పాలు జిగురుకడితే ఊరంతా చాటకుండా మీ గిన్నెలు కూడా తెచ్చుకోండి.