జవానుకు లేని రాజీనామా

సైన్యాధికారి నిజాయితీని కొలవడానికి లోకం దగ్గర ఒక తేలికైన కొలబద్ద ఉంది. తప్పని తెలిసిన ఆదేశం వచ్చినప్పుడు ఆయన రాజీనామా చేశాడా, కుర్చీ పట్టుకుని వేలాడాడా? చేసినవాడు ధీరుడు, చేయనివాడు బానిస. ఆదేశం దుర్మార్గమైనదైతే ఈ కొలబద్ద బాగానే పనిచేస్తుంది. నిరాయుధులను కాల్చమంటే కాల్చకూడదు, పైవాడు చెప్పాడన్నది సాకు కాదు. న్యూరెంబర్గ్ విచారణల తరువాత దీని మీద పెద్దగా వాదన మిగల్లేదు. 1950 నాటి భారత సైనిక చట్టం 41వ సెక్షను కూడా శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాడినే. కానీ సొంత సైనికులను బలిచ్చే ఆదేశాలు చాలావరకు దుర్మార్గమైనవి కావు, తెలివితక్కువవి. చట్టం దృష్టిలో అవి నిక్షేపంగా చెల్లుతాయి. పాటిస్తే జవాన్లు చస్తారు, ఎవరికి వారు పాటించడం మానేస్తే సైన్యం సైన్యంగా మిగలదు. కొలబద్ద వంకరపోయేది ఇక్కడే.

డెహ్రాడూన్ సైనిక అకాడమీలో తయారయ్యే ప్రతి అధికారికీ ఒక వరుస నేర్పుతారు. 1932లో అకాడమీని ప్రారంభించిన నాటి ప్రధాన సేనాధిపతి ఫిలిప్ చెట్‌వుడ్ చెప్పిన వరుస అది: ముందు దేశం, తరువాత నీ కింద ఉన్న మనుషులు, అన్నిటికన్నా చివర నీ సుఖం. అందులో అధికారి అంతరాత్మకు చోటు లేదు. ఉంటే ఎక్కడ ఉండాలి? అంతరాత్మ దేశం పక్కన కూర్చోవలసినదని చాలామంది అనుకుంటారు. అది మూడో మెట్టుదేమోనన్న అనుమానం మాత్రం పోదు. తన చేతులకు నెత్తురు అంటలేదన్న ధీమాతో రాత్రి నిద్రపోగలగడం కూడా సుఖమే కదా. అలాంటప్పుడు రాజీనామా త్యాగమా, తప్పుకోవడమా?

ఈ అనుమానాన్ని పరీక్షించడానికి 1962 నాటి నామ్‌కా చూ కంటే కఠినమైన చోటు భారత సైనిక చరిత్రలో దొరకదు. భూటాన్, టిబెట్, భారత్ కలిసే మూలకు దగ్గరలో, తవాంగ్‌కు పడమటి దిక్కున పారే ఏరు అది. ఉత్తరాన థగ్లా కొండల వరుస గోడలా నిలబడి ఉంటుంది. ఆ ఏడాది జూన్‌లో ఏటి దక్షిణాన అస్సాం రైఫిల్స్ ఢోలా పోస్టును నెలకొల్పింది. సెప్టెంబరు 8న చైనా సైనికులు థగ్లా దిగి వచ్చి దాన్ని చుట్టుముట్టారు. వారిని వెళ్లగొట్టాలని ఢిల్లీ నిశ్చయించింది.

సెప్టెంబరు 22న రక్షణ శాఖ సమావేశంలో సైన్యాధిపతి జనరల్ ప్రాణ్‌నాథ్ థాపర్, దీనికి చైనా లడఖ్‌లో బదులు తీర్చుకోవచ్చని హెచ్చరించారు. ఆ హెచ్చరిక పనిచేయకపోయేసరికి ఆదేశం రాతపూర్వకంగా కావాలన్నారు. ప్రధాని నెహ్రూ లండన్‌లో ఉన్నారు, రక్షణ మంత్రి కృష్ణ మీనన్ న్యూయార్క్‌లో ఉన్నారు. కాగితం వచ్చింది. దాని కింద ఉన్నది ఒక జాయింట్ సెక్రటరీ సంతకం. థాపర్ ఆదేశాన్ని కిందికి పంపారు. రాతలో అడగడం ప్రభుత్వ కార్యాలయాలు ఎరిగిన విద్యే. రేపు ఎవరైనా నిలదీస్తే చూపడానికి ఆ కాగితం పనికొస్తుంది. అది అడిగినవాడిని కాపాడుతుంది తప్ప ఏటి ఒడ్డున ఉన్నవాడిని కాపాడదు.

33వ కోర్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ మరో దారి పట్టారు. థగ్లా మీదికి వెళ్లాలంటే ఎంత బలగం, ఎంత మందుగుండు, ఎంత తిండి కావాలో లెక్క కట్టి పంపారు. అంత సామగ్రి మంచు పడేలోగా అక్కడికి చేరదని ఆ లెక్కే చెబుతోంది. దళాలను తొందరపెట్టి ముందుకు తోయడం మీద లిఖితంగా అభ్యంతరం తెలిపారు. పాఠ్యపుస్తకం చెప్పే నిజాయితీ ఇదే: కోపం లేదు, నాటకం లేదు, అంకెలు ఉన్నాయి. ఫలితంగా అక్టోబరు మొదటి వారంలో ఈశాన్య సరిహద్దు ప్రాంతపు బాధ్యత ఆయన చేతి నుంచి జారిపోయింది. కొత్తగా 4వ కోర్‌ను సృష్టించి, యుద్ధంలో పదాతి దళాన్ని నడిపిన అనుభవం లేని లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. ముక్కుసూటి మనిషి మాట్లాడినందువల్ల జవాన్ల నెత్తిన ఉన్న గొడుగు పోయింది. ఉమ్రావ్ సింగ్ కొంచెం నసిగి, తలూపి, పనిని సాగదీసి ఉంటే శీతాకాలం తనే వచ్చి దాడిని ఆపేదేమో. అలా సాగదీయడాన్ని నిజాయితీ అనగలమా? అనలేం. అయినా దానివల్ల ప్రాణాలు నిలిచేవేమోనన్న ఆలోచనను కొట్టిపారేయడం కూడా కుదరదు.

ఏటి ఒడ్డున ఉన్నది బ్రిగేడియర్ జాన్ దళ్వీ నడుపుతున్న 7వ బ్రిగేడ్. మైదానాల్లో తొడిగే నూలు బట్టలు, కాన్వాసు బూట్లు, మనిషికి సుమారు 50 తూటాలు. విమానాల నుంచి జారవిడిచిన సామగ్రిలో చాలా భాగం లోయల పాలైంది. చైనావారు పైన ఉన్నారు, వీరు కింద ఉన్నారు. పై నుంచి చూస్తే వీరి ప్రతి కదలికా కనిపిస్తుంది. అక్టోబరు 10న త్సెంగ్‌జోంగ్ దగ్గర పంజాబ్ దళం మీద చైనా సైన్యం విరుచుకుపడింది. ఆ పూట కౌల్ అక్కడే ఉన్నారు, కళ్లారా చూశారు. థగ్లా పట్టుకోవడం కలలోని మాటని ఆయనకూ అర్థమైంది. మర్నాడు ఢిల్లీలో ప్రధాని ఇంట్లో సమావేశం జరిగింది. దాడి ఆలోచన నెమ్మదించింది, కానీ బ్రిగేడ్‌ను ఆ గుంటలోంచి వెనక్కి తీయలేదు. అక్టోబరు 12న సిలోనుకు బయల్దేరుతూ నెహ్రూ విమానాశ్రయంలో విలేకరులతో, మన భూభాగాన్ని విడిపించమని సైన్యానికి చెప్పామన్నారు. తరువాత కౌల్‌కు జబ్బు చేసింది. ఢిల్లీలో తన ఇంట్లో మంచం మీద ఉండి కూడా కోర్‌ను ఆయనే నడిపారు.

ఇక్కడ ఒక సంగతి మనసును వదలదు. పైనుంచి కింది దాకా అందరికీ తెలుసు. థాపర్‌కు అపాయం తెలుసు, ఉమ్రావ్ సింగ్‌కు లెక్క తెలుసు, డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ నిరంజన్ ప్రసాద్‌కు నేల తెలుసు, చివరికి కౌల్‌కూ తెలిసింది. తెలియకపోవడం వల్ల జరిగిన అనర్థం కాదిది. తెలిసినవాళ్లు వరుసగా ఒకరి చేతిలోంచి ఒకరు అందుకున్న అనర్థం.

అక్టోబరు 19న దళ్వీ ఫోనులో ప్రసాద్‌తో తెగేసి మాట్లాడారు. తన మనుషులు ఊచకోతకు గురవుతుంటే చూస్తూ నిలబడేకన్నా రాజీనామా చేస్తానన్నారు. మర్నాడు తెల్లవారుజామున ఫిరంగులు మోగాయి. కొన్ని గంటల్లో బ్రిగేడ్ చెల్లాచెదురైంది. 2 రాజపుత్ బెటాలియన్‌లో సగం మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. దళ్వీ 22న చైనావారికి పట్టుబడ్డారు, మరుసటి ఏడాది మేలో విడుదలయ్యారు. 1969లో ఆయన రాసిన ‘హిమాలయన్ బ్లండర్’ ఈ రోజులన్నిటినీ పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఆ రాజీనామాను ఎవరైనా 19 రాత్రే ఆమోదించి ఉంటే ఏమయ్యేది? జవాన్లు కందకాల్లో చస్తుంటే బ్రిగేడియర్ కొండ ఎక్కుతూ వెనక్కి వెళుతుండేవారు. ఆయన పేరు వీరుల జాబితాలో చేరేదేమో గానీ ఆ బెటాలియన్లలో ఒక్కడూ అదనంగా బతికేవాడు కాదు. జవానుకు అలాంటి ఫోను లేదు. అతను నిరాకరిస్తే కోర్టు మార్షల్, 14 ఏళ్ల దాకా జైలు. కింద ఉన్నవాడికి లేని తలుపు తెరుచుకుని పైవాడు బయటపడితే దాన్ని ఏ విలువ పేరుతో మెచ్చుకోవాలి? దళ్వీ మాట సరైనది, ఆ మాట అక్కరకు రాకపోవడమూ సరైనదే. ఇలా అంటే మూర్ఖపు ఆదేశానికి విధేయతను పొగడినట్టవుతుంది. ఈ చిక్కు విడిపోవడం లేదు.

భారతం ఈ విషయంలో పెద్దగా సాయం చేయదు. ధర్మం తెలిసీ కౌరవుల వైపు నిలబడ్డ భీష్ముణ్ణి తిట్టడం అందరికీ అలవాటే. భాగవతం చెప్పినట్టు విల్లు గుమ్మంలో పెట్టి తీర్థయాత్రలకు వెళ్లిపోయిన విదురుణ్ణి మాత్రం ఎవరూ నిలదీయరు. ఆయన వెళ్లడం వల్ల కురుక్షేత్రంలో ఒక్క తల కూడా నిలవలేదు. నిండు సభలో అన్నలకు ఎదురు చెప్పి, తరువాత ఆ అన్నల పక్షానే పోరాడి చచ్చిన వికర్ణుడే నామ్‌కా చూకు దగ్గరి బంధువు. అతన్ని గుర్తుపెట్టుకున్నవారు తక్కువ.

రాజీనామాలు పనిచేసిన సందర్భాలూ ఉన్నాయని వాదించవచ్చు. 1971లో తూర్పు బెంగాల్ మీదికి వెంటనే వెళ్లమన్నప్పుడు, వర్షాకాలమని, సైన్యం సిద్ధంగా లేదని, కాదంటే తప్పుకుంటానని ప్రధాని ఇందిరా గాంధీకి చెప్పినట్టు నాటి సైన్యాధిపతి శామ్ మానెక్‌షా స్వయంగా పలుమార్లు చెప్పుకున్నారు. ఆ కథలోని మాటలన్నీ అక్షరాలా జరిగాయని అందరు చరిత్రకారులూ ఒప్పుకోరు. యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో ముగిసింది. ఆయన చెప్పినట్టే జరిగిందనుకున్నా అక్కడ పనిచేసింది రాజీనామా కాదు, దాని బెదిరింపు. 1959లో అప్పటి సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య కృష్ణ మీనన్‌తో పడక నిజంగానే రాజీనామా ఇచ్చారు, నెహ్రూ నచ్చచెబితే వెనక్కి తీసుకున్నారు. పార్లమెంటులో నెహ్రూ ఆయన తీరును తప్పుబట్టారు. ఆ దెబ్బతో సైన్యాధిపతి మాట బరువు తగ్గింది. తిమ్మయ్య 1961లో పదవీ విరమణ చేశారు, తరువాత వచ్చినవారే థాపర్.

కొలబద్దను పారేయనక్కర్లేదు, పట్టుకునే చోటు మార్చాలి. యుద్ధరంగానికి ఎంత దూరంలో ఉంటే రాజీనామా అంత బాధ్యత అవుతుంది. ఎంత దగ్గరైతే అంత నిషిద్ధమవుతుంది. ఏటి ఒడ్డున ఉన్న బ్రిగేడియర్ తన మనుషులను వదలకూడదు. ఢిల్లీలో ఉన్న సైన్యాధిపతికి మాత్రం సెప్టెంబరు 22న కావలసింది కాగితం కాదు. ఆ రోజు ఆయన తప్పుకుని ఉంటే ఆ కుర్చీలోకి కౌలే వచ్చేవారేమో, ఉమ్రావ్ సింగ్ కథే మళ్లీ జరిగేదేమో. ఈ అభ్యంతరం బలమైనదే. అయితే కోర్ కమాండర్‌ను చడీచప్పుడు లేకుండా మార్చినట్టు సైన్యాధిపతిని మార్చడం కుదరదు. పార్లమెంటు అడిగేది, పత్రికలు రాసేవి, నాలుగు రోజులైనా పని ఆగేది. నామ్‌కా చూ దగ్గర నాలుగు రోజులంటే చిన్న విషయం కాదు.

థాపర్ రాజీనామా నవంబరు మూడో వారంలో వచ్చింది. అప్పటికి సేలా కనుమ, బొమ్‌డిలా పట్టణం కూడా చైనా చేతికి పోయాయి. ఆరోగ్యం బాగాలేక జనరల్ థాపర్ దీర్ఘకాలిక సెలవు అడిగారని పార్లమెంటుకు చెప్పారు. 1964లో ఆయన్ను అఫ్గానిస్థాన్‌కు రాయబారిగా పంపారు. ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, ప్రేమీంద్ర సింగ్ భగత్ 1963లో ఇచ్చిన నివేదికను ప్రభుత్వం నేటికీ అధికారికంగా బయటపెట్టలేదు.