శత్రువును స్మరింపవచ్చునా?

సింహాచలమున వరాహలక్ష్మీనృసింహస్వామిని సేవించిన యాత్రికులలో పలువురు పిమ్మట విశాఖ సముద్రతీరమునకు పోవుదురు. బాచుపల్లి వంటి మెట్టప్రాంతముల నుండి వచ్చిన కుటుంబములకు సముద్రదర్శనమే ఒక వేడుక. అచ్చటి 1971 యుద్ధవిజయ స్మారకమునకు వారు నమస్కరింతురు. అది ఉచితమే. ఆ తీరమునకు అనతిదూరమున, సముద్రగర్భమున, పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ తన నావికులతో సహా పడియున్నది.

వారు మన మేలుకోరి వచ్చినవారు కారు. 1971 నవంబరు 14న కరాచీ విడిచిన ఆ జలాంతర్గామి మన ‘విక్రాంత్’ను ముంచుటకే వచ్చినది. విక్రాంత్ అప్పటికే అండమాను దీవులకు తరలింపబడినది. డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి ఘాజీ పేలి మునిగినది. ‘రాజ్‌పుత్’ నౌక వేసిన బాంబులే కారణమని మన నౌకాదళము, ప్రమాదమని పాకిస్తాన్ చెప్పుచున్నవి. అందలి 90 మందికి పైగా నావికులలో ఒక్కడును మిగులలేదు.

అట్టివారిని తలచుట మన వీరులకు అపచారము కాదా? ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. ఘాజీ ఎత్తు ఫలించియున్నచో విక్రాంత్ నావికుల ఇండ్లలో ఎన్ని దీపములు ఆరిపోయెడివో! విజయమునకు సంతసించుట దోషము కాదు.

అయినను భారతమందలి స్త్రీపర్వమును చూడుడు. ధర్మరాజు తన పక్షమువారికి మాత్రమే దహనసంస్కారము చేయింపలేదు. నానాదేశముల నుండి వచ్చి, అడుగువారు లేక పడియున్న యోధుల దేహములను సైతము ప్రోగుచేయించి, అగ్నికి అర్పింపజేసెను. వారెవరి పక్షమున పోరిరని విచారింపలేదు. రావణునకు అంత్యక్రియలు చేయ సంకోచించిన విభీషణుని శ్రీరాముడే పురికొల్పెను. మరణముతో వైరము ముగిసినదనుట ఆయన తీర్పు. రావణుని అపరాధము మాత్రము అపరాధముగనే నిలిచినది. స్మరించుట వేరు, సమర్థించుట వేరు.

ఘాజీ నావికుల మతము వేరు, మన తిలోదకములు వారికేల అని కొందరనవచ్చును. నిజమే, కర్మకాండ వారి వారి బంధువులది. ఒడ్డున నిలిచి ఒక్క క్షణము మౌనము వహించుటకు గోత్రముతో పనిలేదు. 2024లో మన నౌకాదళము ఆ శిథిలములను గుర్తించియు, గతించినవారియెడ గౌరవముచే వానిని తాకక విడిచినది.

ఆ డిసెంబరు 9వ తేదీననే, పశ్చిమ సముద్రమున, పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ మన ‘ఖుక్రీ’ని ముంచినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు నౌకతో మునిగిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వీడక వారితోనే ఉండెను. వారి స్మారకము డయ్యూలో సముద్రమునకు ఎదురుగా ఉన్నది.