నైచ్యానుసంధానము - ఆత్మనింద

నంద్యాల, ఆళ్ళగడ్డల మీదుగా అహోబిల క్షేత్రమునకు వచ్చు యాత్రికులు ఉగ్రస్తంభమును దర్శించి ప్రహ్లాద చరితమును స్మరింతురు. ముల్లోకములను జయించితినని గర్వించిన హిరణ్యకశిపుడు పసిబాలుని మాటకు కలవరపడెను. తనకును తండ్రికిని బలము శ్రీహరియేయని పలికిన ప్రహ్లాదుడు నిర్భయుడై నిలిచెను. మనుజుడు తన్ను గూర్చి పైకి పలుకునది వేరు, లోలోన తనకు కట్టుకొన్న విలువ వేరు కావచ్చును.

ఆ లోని విలువను కొలువవచ్చునా? 1956లో సికిందరాబాదున జన్మించి, హైదరాబాదున చదివిన మనశ్శాస్త్రవేత్త మహజరీన్ బనాజీ, అమెరికా ఆచార్యుడు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి 1995లో ఈ విషయమును చర్చించిరి. 1998లో గ్రీన్‌వాల్డ్ బృందము ఒక పరీక్షను ప్రకటించినది. 2000 నాటికి దానితో ఆత్మగౌరవమును సైతము కొలిచిరి. తెరపై 'నేను' వంటి మాటలును, మంచిని చెడును తెలుపు మాటలును కనబడుచుండును. వానిని రెండు మీటలతో వేరుచేయవలెను. 'నేను'కు మంచితో ఒకే మీట యున్నపుడు చేయి త్వరపడునా, చెడుతో ఉన్నపుడు త్వరపడునా యని సెకనులో వెయ్యవ వంతుల లెక్కన చూతురు.

పైకి గొప్పగా చెప్పుకొనుచు లోన తక్కువ విలువ గలవారు ఆత్మరక్షణ ధోరణిని ఎక్కువగా చూపుదురని 2003లో కొందరు పరిశోధకులు తెలిపిరి. తరువాతి పరిశోధనలలో కొన్ని దీనిని బలపరుపలేదు. క్రుంగుబాటుతో తాము పనికిరానివారమని పలుకువారిలో సైతము లోని విలువ చెడలేదని కొన్ని పరీక్షలు చూపినవి. కనుక ఈ కొలత ఒక వ్యక్తి రోగమును నిర్ణయించునది కాదు.

ఇచట వైష్ణవులకు ఒక సందేహము కలుగవచ్చును. ఆళ్వారులు, ఆచార్యులు తమ్ము అల్పులమని చెప్పుకొనిరి గదా, అదియు ఆత్మనిందయేనా? కాదు. జీవుడు భగవంతునికి శేషభూతుడు, ఆయన సొత్తు. స్వామి సొత్తును హీనమనుటకు ఎవరికి అధికారమున్నది? నైచ్యానుసంధానము అహంకారమును మాత్రమే తొలగించును. ఆళ్ళగడ్డ శిల్పి రాతి పెచ్చులను చెక్కివేయును గాని రాతిని నిందింపడు.

నైచ్యము శరణాగతికి దారితీసి మనస్సును తేలికపరచును. ఆత్మనింద నిద్రాహారములను హరించి, స్వామి సన్నిధికి పోవుటకును తాను తగనని తలపింపజేయును. ఇంటిలో ఎవరైనను అట్లు క్రుంగినచో దానిని వైరాగ్యమని మెచ్చరాదు, భక్తిలోపమని దూషింపరాదు. ఆదరముతో వైద్యుని కడకు గొనిపోవలెను. ప్రహ్లాదుని ఒడిని చేర్చుకొన్న నృసింహుడు ఆ బాలుని యోగ్యతను పరీక్షింపలేదు. ఆ వాత్సల్యమే గృహస్థులకు ఆదర్శము.