తబిత సూది, పేతురు వల



మా విచారణ పండుగ ముగిసిన కొన్ని వారాలకు, సముద్రపు ఒడ్డునున్న మా ఉపవిచారణలో దివ్యబలిపూజ సమర్పించడానికి వెళ్ళాను. పూజ అయ్యాక ఆ పల్లె పెద్ద ఒకాయన తడిసిన కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఫాదర్ గారండీ, ఇవాళ మా వలలో పడ్డ చేప ఇదేనండీ" అన్నాడు నవ్వుతూ. విప్పి చూశాను. దానిమీద మా విచారణ పేరే అచ్చువేసి ఉంది! పండుగనాడు పేద వితంతువులకు మేము పంచిన చీరల కవరు అది. కవరు మీద పేరు వేయించమన్నది మరెవరో కాదు, నేనే. అది వీధి కాలువలో పడి, అక్కడినుండి మురుగు డ్రెయినులోకి, డ్రెయిను నుండి సముద్రంలోకి చేరింది. ఆయన నవ్వాడు గాని, నేను నవ్వలేకపోయాను.

మరుసటి ఆదివారం ప్రసంగంలో ఈ సంగతి ఒప్పుకున్నాను. పూజానంతరం మా విచారణకు చెందిన ఒక సోదరి నా దగ్గరకు వచ్చింది. ఆమె ఇంటి ముందు గదిలో నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకొని నైటీలు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టించి అమ్ముతుంది. "ఫాదర్ గారండీ, ఆ చీరలకు ఫాల్స్ కుట్టి కవర్లలో పెట్టింది నేనేనండీ. సముద్రాన్ని బాగుచేసేవారికి ఎవరికైనా ఇది పంపించండి" అంటూ 500 రూపాయలు ఇవ్వబోయింది. నేను తీసుకోలేదు. "ముందు కూర్చుని లెక్క చూసుకుందామమ్మా" అన్నాను. ఆ లెక్కనే నేడు మీ ముందు ఉంచుతున్నాను.

కానుక ఎందుకు తీసుకోలేదని మీరు అడగవచ్చు. బలిపీఠం వద్దకు కానుక తెచ్చినప్పుడు, నీ సోదరునికి నీమీద ఏదైనా మనస్తాపమున్నదని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని ప్రభువు కొండమీది ప్రసంగంలో ఆజ్ఞాపించాడు. జక్కయ్య పేదలకు సగం ఆస్తి ఇస్తానన్నాడు. అంతటితో ఆగక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. ఇతరునికి చెందవలసినది అతనికి చెల్లించడం న్యాయమని పునీత తోమాసు అక్వినాసు గారు బోధించారు. న్యాయం చేయకుండా దానధర్మాలతో సరిపెట్టుకోవడం పునాది లేని ఇల్లు వంటిది. ఇక్కడ మనం సమాధానపడవలసిన సోదరుడు వల వేసే ఆ జాలరి.

బట్టల వ్యాపారానికి, సముద్రానికి ఏమి సంబంధమని కొందరు అనుకోవచ్చు. పాలిస్టరు, నైలాను, అక్రిలిక్ బట్టలు ఒక విధమైన ప్లాస్టిక్ దారాలే. ప్రపంచంలో నేడు తయారయ్యే వస్త్రపు నారలో సగానికి మించి పాలిస్టరే. ఈ బట్టలను ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని నూగు నీటిలో కలుస్తుంది. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, 6 కిలోల పాలిస్టరు బట్టలను మిషనులో ఒకసారి ఉతికితే సుమారు 4,96,000 పోగులు ఊడిపోతాయి. పాలిస్టరు, నూలు కలిపిన బట్టయితే ఆ సంఖ్య సుమారు 1,38,000. సూక్ష్మరూపంలోనే సముద్రంలో చేరే ప్లాస్టిక్ రేణువులలో దాదాపు 35 శాతం ఇలాంటి బట్టల ఉతుకులనుండే వస్తున్నాయని ప్రకృతి పరిరక్షణకై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఐయుసిఎన్ 2017లో అంచనా వేసింది.

ఇక సంచుల సంగతి. చూడటానికి గుడ్డసంచిలా ఉండి, కొట్లలో ఉచితంగా ఇచ్చే రంగురంగుల సంచులు చాలావరకు గుడ్డవి కావు. నేయకుండా అతికించిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అది. ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది. చదరపు మీటరుకు 60 గ్రాములకన్నా పలుచనైన ఇలాంటి సంచులను మన దేశంలో 2021 సెప్టెంబరు 30 నుండి, 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుండి నిషేధించారు. చట్టం ఉన్నది, మన మనస్సాక్షి మేల్కొనడమే మిగిలింది.

ఈ మాటలు విని ఆ సోదరి ఊరుకోలేదు. "పాలిస్టరు మానేస్తే నా దగ్గరకు ఎవరొస్తారండీ? కూలికి వెళ్ళేవాళ్ళు చవకగా దొరికే బట్ట, తొందరగా ఆరే బట్ట అడుగుతారు. నాతోపాటు ముగ్గురాడవాళ్ళు ఈ మిషన్ల మీదే బ్రతుకుతున్నారండీ" అంది. ప్రియ పాఠకులారా, ఇది న్యాయమైన ప్రశ్న. పేదల కూడు పడగొట్టి చేసే ప్రకృతి సేవ దేవునికి ప్రీతికరం కాదు. 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు భూమి గోడును, పేదల గోడును కలిపే వినాలని బోధించారు. అందుచేత మేమిద్దరం ఆమె తాహతుకు తగిన మార్గం వెదికాము.

మొదటిది, కవరు. టోకు వర్తకుడు ఒక్కొక్క నైటీని ఒక్కొక్క కవరులో పెట్టి పంపుతాడు. డజనుకు ఒకే కట్టగా పంపమని అడిగితే పదకొండు కవర్లు తగ్గుతాయి. రెండవది, కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు. వాటిని కాలువ గట్టున పారేయక, అతికి కుట్టి సంచులు చేసి బేరగాళ్ళకు ఇవ్వవచ్చు. మూడవది, బట్ట. అడిగినవారికి పాలిస్టరు అమ్మినా, పక్కనే నూలుబట్ట కూడా ఉంచి, రెంటికీ తేడా చెప్పాలి. ఏ బట్టయినా గట్టిగా కుట్టాలి. రెండేళ్ళు మన్నే లంగా, ఆరు నెలలకు చిరిగే మూడు లంగాలకన్నా సముద్రానికీ మేలు, కొన్నవారికీ మేలు.

ఇవి జరిగిన తరువాతనే నాలుగవది, కానుక. 2002లో అమెరికాలో ఇద్దరు వ్యాపారులు తమ అమ్మకాలలో నూటికి ఒక రూపాయి చొప్పున ప్రకృతి రక్షణకు ఇవ్వాలని తీర్మానించి, 'వన్ పర్సెంట్ ఫర్ ది ప్లానెట్' అనే సంఘాన్ని స్థాపించారు. ఒకరు పటగోనియా అనే బట్టల సంస్థను స్థాపించిన ఇవాన్ షునార్డ్. రెండవ ఆయన చేపలు పట్టే సామగ్రి అమ్మే చిన్న దుకాణదారుడు. లాభంలో కాదు, అమ్మకంలో ఒక శాతం అనడంలోనే ఉన్నది దాని నిజాయితీ. నెలకు 40,000 రూపాయల అమ్మకమైతే 400 రూపాయలు. అయితే ఆ సొమ్ము యజమాని వంతునుండి రావాలి. కుట్టుకూలి కోసి ఇచ్చిన విరాళం దేవుని ఎదుట మొరపెడుతుంది.

ఆ కానుక ఎక్కడికి చేరాలి? కేరళలోని కొల్లం దగ్గర నీండకర రేవులో 2017లో 'శుచిత్వ సాగరం' అనే పథకం మొదలైంది. వలలో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి నీటిలో వేయకుండా జాలర్లు సంచులలో ఒడ్డుకు తెచ్చారు. దానిని ఒడ్డున స్త్రీలు వేరుచేశారు. ముక్కలు చేసి రోడ్లకు వాడారు. పడవకు సంచి కావాలి. సంచి కుట్టడానికి మిషను కావాలి. చిన్న బట్టల వ్యాపారి సముద్రానికి ఇవ్వగల కానుక ఇంతకన్న సొంతమైనది ఏముంటుంది?

అపోస్తలుల కార్యములలో యొప్పా పట్టణపు తబితను జ్ఞాపకం చేసుకోండి. యొప్పా సముద్రపు రేవు. ఆమె మరణించినప్పుడు వితంతువులు ఏడుస్తూ, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. ఆమె గొప్పతనానికి ఆ బట్టలే సాక్ష్యం పలికాయి. చూసినవాడు ఎవరు? ఒకప్పుడు వల లాగిన జాలరి! ఆయన ప్రార్థించి, ఆమెను సజీవురాలిగా వారికి అప్పగించాడు. మన చేతిపని ఒకనాడు ఒక జాలరి చేతికి చిక్కితే, అది మనకు ఏ సాక్ష్యం పలుకుతుంది? మా విచారణ కవరు నన్ను అడిగిన ప్రశ్న అదే.

ఇప్పుడు ఆ సోదరి గుడ్డముక్కల సంచులు కుడుతున్నది. మొదటి ఇరవై సంచులు ఆ పల్లె పడవలకు వెళ్ళాయి. ఆమె ఇవ్వబోయిన 500 రూపాయలు వాటి దారానికి, కుట్టుకూలికి ఖర్చయ్యాయి. రాబోయే పండుగకు చీరలను కవర్లు లేకుండా, చేతికే ఇస్తాము. నా పేరు, విచారణ పేరు దేనిమీదా ఉండవు.

మీ ఇంట్లో కుట్టుమిషను ఉందా? బట్టల కొట్టు ఉందా? కనీసం పండుగకు బట్టలు కొనే అలవాటు ఉందా? అయితే ఈ వారం మీరూ ఒకసారి లెక్క చూసుకోండి. సముద్రాన్ని, దానిలోని సమస్త ప్రాణులను సృజించిన దేవుడు మీ కుటుంబాలను, మీ చేతిపనిని దీవించునుగాక. ఆమెన్.