క్షమించు అధికారము ఎవరిది?

1915వ సంవత్సరమున ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు ‘ది హార్ట్ ఆఫ్ జైనిజం’ అను ఆంగ్లగ్రంథమును ప్రకటించిరి. జైనధర్మమునకు హృదయమేదియో చెప్పబూనిన గ్రంథమది. రచించినవారు శ్రీమతి సింక్లెయిర్ స్టీవెన్సన్ అను ఐర్లండు క్రైస్తవ మిషనునకు చెందిన విదుషీమణి. ఆమె కాఠియవాడ ప్రాంతమున కాపురముండి, జైన పండితులను ఓపికతో అడిగి తెలిసికొని, వ్రతములు, ఉపవాసములు, పర్యూషణము, సాధుసాధ్వుల నిత్యచర్య మున్నగువానిని శ్రద్ధగా వర్ణించిరి. పరధర్మమును గూర్చి వ్రాయుటకు అంత శ్రమపడువారు ఏ కాలమునందైనను తక్కువే. అయినను కడపటి అధ్యాయమునకు ఆమె పెట్టిన పేరు ‘జైనధర్మపు శూన్యహృదయము’.

ఆ పేరు చూచి నొచ్చుకొనని జైనుడుండడు. కాని నొచ్చుకొని పుస్తకము మూసివేయుట కంటె, ఆమె వేసిన ప్రశ్న ఏమిటో చూచుట మేలు. జైనులు ఇతరులను క్షమించుట పరమధర్మమని నమ్ముదురు; తమ్ము క్షమించువాడు మాత్రము పైన ఎవడును లేడందురు. తీర్థంకరులు ముక్తులైరి, వారు మొర వినరు, చేయి అందింపరు. అట్లైన, తప్పుచేసి కుమిలిపోవువాడు ఎవరి యెదుట నిలువవలెను? ఇదియే ఆమెకు కనబడిన శూన్యము.

ఈ ప్రశ్న క్రైస్తవుల ఇంటినుండి వచ్చినది గనుక, మొదట ఆ ఇంటిలో దీని అర్థమును తెలిసికొనవలెను. మత్తయి సువార్తలోని ప్రార్థనలో పాపమునకు వాడిన గ్రీకు మాటకు సరియైన అర్థము ‘ఋణము’. అదే గ్రంథము 18వ అధ్యాయమున ఒక కథ కలదు. ఒక సేవకుడు రాజునకు పదివేల టాలెంట్లు బాకీపడెను. టాలెంటు అనగా ఇంచుమించు 6,000 దేనారములు. దేనారము ఒక కూలివాని ఒకనాటి కూలి. లెక్క కట్టినచో ఆరు కోట్ల దినముల కూలి, అనగా లక్షన్నర సంవత్సరములకు పైబడిన కష్టార్జితము! రాజు జాలిపడి పద్దు మొత్తము కొట్టివేసెను. ఆ సేవకుడే వెలుపలికి వచ్చి, తనకు 100 దేనారములు ఈయవలసిన తోటి సేవకుని గొంతు పట్టుకొనెను. రాజు విని, మాఫీని రద్దుచేసి వానిని చెరకు పంపెను.

ఈ కథలోని భావము వర్తకునకు వేరుగ చెప్పనక్కరలేదు. మానవుని బాకీ వాని రెక్కల కష్టముతో తీరునది కాదు. ఋణదాత కొట్టివేసిననే తీరును. అయితే, కొట్టివేసిన బాకీ ఊరకే మాయమగునా? పద్దు చెరిపిన ప్రతిమారు ఎవరో ఒకరు ఆ నష్టమును భరింపవలసినదే. దైవమే శిలువపై ఆ నష్టమును భరించెనని క్రైస్తవుల విశ్వాసము. ‘తప్పు చేయుట, ఆదివారము చర్చికి పోయి కడుగుకొనుట’ అని దీనిని ఎగతాళి చేయువారు మనలో కలరు. వారు ఆ మతమును దాని బలహీనులను బట్టి తూచుచున్నారు. మన మతమును ఎవరైన అట్లు తూచిన మన కెట్లుండును?

ఈ కొలబద్దతో ఇతర దర్శనములను కొలువవచ్చును. భగవద్గీత కడపటి అధ్యాయములోని శరణాగతి, దానిపై రామానుజులవారు కట్టిన ప్రపత్తిమార్గము క్రైస్తవ భావమునకు చాల దగ్గర. ఇస్లామునందు దైవము దయామయుడు. కాని అందు ఒక మెలిక గలదు, దానిని ముందు చూతము. బౌద్ధమున పద్దు కొట్టివేయువాడు లేడు. హంతకుడైన అంగుళిమాలుడు భిక్షువై, అర్హతుడై కూడ, భిక్షకు పోయినచోట రాళ్ల దెబ్బలు తినెను. అది పూర్వకర్మ ఫలమేయని, ఓర్చుకొనుమని బుద్ధుడు చెప్పెనట.

దైవము లేని లౌకిక దృష్టులును కలవు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిన గోరాగారు, దైవమును నమ్మినంతకాలము మానవుడు తన బాధ్యతను పైకి నెట్టివేయుచుండుననిరి. ఈ ఒక్క విషయమున జైనుడు ఆయన ప్రక్కనే కూర్చుండగలడు; ఆత్మ, పునర్జన్మల మాట వచ్చినపుడు లేచి పోవలసియుండును. ఇక ప్రభుత్వ చట్టమున్నది. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము సామాన్యపు చేబదులుపై మూడేండ్లు దాటిన దావా చెల్లదు. అయితే ఋణము రద్దయినదని చట్టము చెప్పుటలేదు. రాబట్టు దారి మాత్రమే మూసినది. ఈ తేడా తెలిసియు తెలియనట్లుండువారు బజారున తక్కువ కాదు.

జైనుని సమాధానము ఏమి? శ్రీమతి స్టీవెన్సన్ ప్రశ్నలో ఒక ఊహ దాగియున్నది: పాపము ఒకరికి ఈయవలసిన బాకీ యనునది. జైనశాస్త్రమున కర్మ బాకీ కాదు, పుద్గలము. నూనె పూసిన ఒంటికి ధూళి అంటినట్లు, కషాయములతో తడిసిన ఆత్మకు అది అంటును. అంటిన ధూళిని క్షమించుటకు ఎవరికి అధికారము? కడుగుకొనవలసినదే. వైద్యుడు ఎంత దయామయుడైనను రోగి మ్రింగవలసిన మందును తాను మ్రింగడు. తీర్థంకరుల మౌనము నిర్దయ కాదు. వారు మందు చెప్పి వెళ్లిరి.

కర్మ ఇనుప గొలుసనుకొనుటయు పొరపాటే. బంధమునకు స్థితి, అనుభాగము కలవు. అనగా ఎంతకాలము, ఎంత తీవ్రతతో అని. నికాచితమైన కర్మ తప్ప మిగిలినదాని కాలమును, తీవ్రతను తగ్గించుట సాధ్యమనియే కర్మగ్రంథములు చెప్పును. ఆభ్యంతర తపస్సులలో మొదటిది ప్రాయశ్చిత్తమని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున లెక్కించిరి. అందును మొదటిది ఆలోచన. గురువు ఎదుట దాచకుండ చెప్పుకొనుట. కనుక ‘ఆశ లేదు’ అనుట సరికాదు.

అయినను విదుషీమణి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. అర్ధరాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్న వానికి నిర్జరా సిద్ధాంతము చెప్పుట వేరు, ‘పోయిరా, నీ తప్పు తీరినది’ అని ఒక గొంతు వినబడుట వేరు. రెండవదానికి గల ఓదార్పు మొదటిదానికి లేదు. వీతరాగుడు వినడని తెలిసియే గుడిలో కన్నీరు కార్చుచు స్తోత్రములు చదువు శ్రావకులను ఆమె చూడకపోలేదు.

ఆమె అంతగా పట్టించుకొననిది ఇంకొకటి కలదు. తప్పు చేసినవాడు, దైవము, ఈ ఇద్దరి మధ్యనే లెక్క తేలిపోయిన, మోసపోయినవాని గతి ఏమి? తక్కెడలో తక్కువ తూగినది వాని బియ్యము. వాని తరఫున వేరొకరు ‘క్షమించితిని’ అనుట ఎట్లు? ఈ విషయమును ఆమె మతగ్రంథమే మరువలేదు. బలిపీఠము కడకు కానుక తెచ్చినవాడు, సోదరునికి తనపై కోపమున్నట్లు గుర్తువచ్చినచో, కానుకను అక్కడనే విడిచి, పోయి సమాధానపడి రావలెనని మత్తయి సువార్తలో నున్నది. జక్కయ్య యను పన్నుల అధికారి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు మరల చెల్లింతుననెను. మనుష్యుని యెడ చేసిన తప్పు ఆ మనుష్యుని ప్రసన్నుని చేసికొననిదే ప్రాయశ్చిత్త దినమున తీరదని యూదుల మిష్నా శాసించినది. ఇస్లామునందలి మెలిక ఇదియే: ధర్మమునకై ప్రాణమిచ్చిన వీరునికి సైతము సర్వపాపములు మన్నింపబడును గాని, ఋణము మన్నింపబడదని హదీసు.

సంవత్సరీనాటి క్షమాపణ లేని దైవమునకు బదులుగా పెట్టుకొన్న ఆచారము కాదని ఇప్పుడు తెలియును. క్షమించు అధికారము నొచ్చినవానిదని, అడుగవలసినది వాని గుమ్మమున నిలిచియని దాని భావము.

కాని మనవారు ఏ గుమ్మమునకు పోవుచున్నారు? అందముగా అచ్చువేయించిన కార్డులు బంధువులకు, స్నేహితులకు, పెద్ద ఖాతాదారులకు పోవును. వారిలో అనేకులు మనవలన నొచ్చినవారే కారు. పంపకముల దావాలో ఎదుటి పక్షముననున్న అన్నగారికి కార్డు పోదు. అనుమానముపై తీసివేసిన గుమాస్తాకు పోదు. సకల జీవరాశిని క్షమాపణ కోరుట సులభము. అంత పెద్ద గుంపులో ఏ ఒక్కని ముఖమును చూడనక్కరలేదు. దొంగ తూకము, కల్తీ సరకు మూడవ వ్రతమునకు అతిచారములని తత్త్వార్థసూత్రము పేరుపెట్టి చెప్పినది. మన కార్డులలో ఏ పేరును ఉండదు.

ఒక వర్తకుడు స్వర్గస్థుడైన తండ్రి పాత చిట్టాలు తిరుగవేయుచున్నాడనుకొందము. ఒక వితంతువు సగము బాకీ కట్టినట్లు తండ్రి చేతివ్రాత కనబడినది. నోటు వెనుక మాత్రము చెల్లు వ్రాయలేదు. ఆ నోటుపైననే దావా వేసి, పూర్తి సొమ్మునకు డిక్రీ పొంది, ఆమె ఇల్లు వేలము వేయించిరి. ఆమెయు గతించినది. చట్టము దృష్టిలో ఆ వ్యవహారము ఏనాడో ముగిసినది. గోరాగారైన, వారసుని వెదకుమందురు. క్రైస్తవ బోధకుడు కూడ, జక్కయ్యను చూపి, అంతేయనును. మరియు, మృతురాలు ఈయలేని క్షమను దైవమీయగలడని చేర్చును. ఇచ్చట అతని చేతిలో మనకు లేనిదొకటి కలదని ఒప్పుకొనవలెను. జైనశాస్త్రము, తండ్రి కర్మ తండ్రిదే, కొడుకు దానిని కడుగలేడనును. అది విని ఊపిరి పీల్చుకొనువానికి తరువాతి మాట యున్నది: ఆ సొమ్ము పరులదని తెలిసిన నాటినుండి, దానిని ఇనుప పెట్టెలో ఉంచుకొనుట కొడుకు కర్మ.

వితంతువు మనుమడు ప్రక్క ఊరిలోనే కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుచున్నాడు. సంవత్సరీకి ఇంకను పది దినములున్నవి. ఈ ఏటి కార్డులు అచ్చునుండి వచ్చి, చిట్టా ప్రక్కననే కట్టవిప్పకుండ ఉన్నవి.