చుక్కాని, తాగుడు, బాధ్యత

మనిషి తాగడం అతని సొంత విషయమా, సంఘం విషయమా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. నేల మీద నిలబడి వాదించినంతకాలం ఇది ఒక పట్టాన తెగదు. పడవ ఎక్కి వాదిస్తే మాత్రం కొంత తేటపడుతుంది. పడవలో ఎవరి బతుకూ విడిగా వుండదు. ఒకడు తూలితే పడవ వొరుగుతుంది. ఒకడు నీళ్లలో పడితే వాణ్ణి తీయడానికి మరొకడు దూకవలసివస్తుంది. నా ఒక్కడికే హాని చేసుకుంటున్నానని నేల మీద చెప్పుకోగలిగినవాడు కూడా పడవలో ఆ మాట చెప్పలేడు.

జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో ప్రకటించిన ‘ఆన్ లిబర్టీ’ గ్రంథంలో ఈ ప్రశ్నను ఎత్తుకున్నాడు. తాగి వున్నంత మాత్రాన ఎవరినీ శిక్షించరాదనీ, విధిలో వున్న సైనికుడో పోలీసో తాగివుంటే శిక్షించవచ్చుననీ ఆయన తీర్పు. వ్యక్తి తనకు చేసుకునే హాని వేరు, ఇతరులకు చేసే హాని వేరు అన్న సూత్రం మీద ఈ తీర్పు నిలబడివుంది. ఉదారవాదం పడవ చట్టాలకు ఇచ్చిన పునాది కూడా ఇదే. చుక్కాని పట్టినవాడు విధిలో వున్నట్టే.

ఈ సూత్రం చట్టరూపం ధరిస్తే ఎలా వుంటుందో అమెరికాలో చూడవచ్చును. అక్కడ సెలవు దొరికితే గాలాలూ బీరు సీసాలూ పెట్టుకుని మరపడవ మీద సరస్సులోకి పోవడం జనానికి అలవాటైన వినోదం. సమాఖ్య చట్టం పడవలో తాగడాన్ని నిషేధించలేదు. నడిపేవాడి నెత్తురులో మద్యసారం 0.08 శాతానికి చేరితే మాత్రం నేరం. ఏడాది వరకు జైలు పడవచ్చును. ప్రాణాలు తీసిన పడవ ప్రమాదాలలో, తెలిసిన కారణాలన్నింటిలోనూ తాగుడే ముందు నిలుస్తున్నదని అక్కడి కోస్టుగార్డు ఏటేటా చెబుతూనే వుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఎండ, గాలి, ఇంజను మోత, అలల వూపు వీటితోనే మనిషి సగం అలసిపోతాడు. మద్యం ఒంటి నిలకడను చెడగొడుతుంది. గాలం విసరడానికి చిన్న పడవలో లేచి నిలబడినవాడికి ఆ నిలకడే ప్రాణాధారం.

అదే చట్టం వినోదానికి కాక వృత్తికోసం ఓడనో పడవనో నడిపేవారికి 0.04 శాతమే హద్దుగా పెట్టింది. విలాసానికి ఇచ్చిన దానిలో ఇది సగం. ప్రభుత్వ తనిఖీకి లోబడిన ఓడలలోనైతే, తాగిన తర్వాత నాలుగు గంటలు గడవనిదే పనిలోకి దిగరాదు. ఇది వర్గనీతి కాదా అని ఎవరైనా అడగవచ్చును. శ్రామికుడి మీద పెట్టిన కట్టుబాటు అన్యాయమని నేను అనను. అతని చేతిలో తోటివారి ప్రాణాలున్నాయి. అయితే విలాసపు పడవలో కూర్చున్న పిల్లల ప్రాణాలు వాటికంటె చవకా? మునిగేవాడికి ఆ పడవ సరదాకు బయలుదేరిందా, కూటికోసం బయలుదేరిందా అన్న తేడా లేదు. సడలింపు ఎక్కడ వుందో అక్కడే చట్టం తన వర్గస్వభావాన్ని బయటపెట్టుకున్నది.

ఇక్కడ మన మిత్రులలో కొందరు మరొక వాదం తెస్తారు. శ్రామికుని తాగుడు అతని దోషం కాదు, అతని బతుకు పరిస్థితుల ఫలితం అంటారు. ఇంగ్లండు కార్మికవర్గ స్థితిని గురించి 1845లో రాసిన గ్రంథంలో ఎంగెల్సు ఈ విషయాన్ని బలంగా నిరూపించాడు. విశ్రాంతి లేని చాకిరీ, ఇరుకు కొంపలు, రేపటి మీద ఆశలేనితనం కలిసి మనిషిని సారాకొట్టుకు తోస్తాయి. ఇది నిజమే. కాని ఒక విషయం ఎలా పుట్టిందో చెప్పడం వేరు, దాని బాధ్యతను మాఫీ చేయడం వేరు. తాగి చుక్కాని పట్టినవాడు ముంచేది యజమానిని కాదు. పక్కన వల లాగుతున్న తనవంటి కూలివాణ్ణే. పరిస్థితులే అతనిచేత సర్వమూ చేయిస్తున్నాయనడం అతనికి ఇచ్చే గౌరవం కాదు. తాగకుండా వుండగలిగే శక్తి అతనికి లేదనుకుంటే, సంఘం కట్టి సమ్మె చేయగలిగే శక్తి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

కనుక మిల్ చెప్పినదీ నిజమే, ఎంగెల్సు చెప్పినదీ నిజమే. ఈ రెంటిలో ఏ ఒక్కదానితో సరిపెట్టుకున్నా న్యాయం ఎలా కుంటుపడుతుందో 1989లో అలాస్కా సముద్రంలో జరిగిన ప్రమాదం చూపుతుంది. ఆ ఏడు మార్చి 24వ తేదీన అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ బ్లై దిబ్బను ఢీకొన్నది. సుమారు 1 కోటి 10 లక్షల గాలన్ల ముడిచమురు ప్రిన్స్ విలియం సౌండులో పారింది. ఓడ బయలుదేరే ముందు కెప్టెన్ రేవులో తాగాడని సాక్షులు చెప్పారు. ప్రమాద సమయానికి అతను చుక్కాని దగ్గర లేనేలేడు. ఓడను కింది అధికారికి అప్పగించి వెళ్లాడు. ప్రపంచమంతా తాగుబోతు కెప్టెన్ కథగానే దీన్ని విన్నది.

దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా సంస్థ ఆ కథతో ఆగలేదు. కెప్టెన్ తాగుడును ఒక కారణంగా చెప్పింది. ఓడ నడుపుతున్న అధికారి అలసటనూ మోయలేని పనిభారాన్నీ మరొక కారణంగా చెప్పింది. సమర్థుడైన కెప్టెన్‌ను, విశ్రాంతి పొందిన తగినంత సిబ్బందిని కంపెనీ ఏర్పాటు చేయలేదన్నది కూడా ఆ కారణాల్లో ఒకటి. తాగుడు మాన్పించే 28 రోజుల చికిత్సకు కెప్టెన్ వెళ్లివచ్చిన సంగతి కంపెనీ పై అధికారులకు తెలుసు. తెలిసే ఓడను అతని చేతిలో పెట్టారు.

ఇక న్యాయస్థానాల సంగతి. తాగి ఓడ నడిపాడన్న నేరం కెప్టెన్ మీద రుజువు కాలేదని 1990లో జ్యూరీ తేల్చింది. అజాగ్రత్తతో చమురు పారబోసిన చిన్న నేరం మాత్రమే నిలిచింది. కంపెనీ 500 కోట్ల డాలర్లు దండుగ కట్టాలని 1994లో మరొక జ్యూరీ తీర్పు చెప్పింది. పై కోర్టులలో తగ్గుతూ వచ్చి, 2008లో సుప్రీంకోర్టు చేతిలో అది 50 కోట్ల 75 లక్షలకు దిగింది. దానికోసం ఎదురుచూసినవారు 32 వేలమందికి పైగా వున్నారు. వేటగాళ్లు, ఆదివాసులు, ఆ సముద్రం మీద బతికేవారు. వారు తాగి ఓడ నడిపినవారు కారు. అయినా 19 ఏళ్లపాటు ఆ తాగుడుకూ, ఆ లాభాపేక్షకూ మూల్యం చెల్లించింది వారే.

ప్రమాదం తర్వాత 1990లో వచ్చిన చమురు కాలుష్య చట్టం, చమురు ఓడల సిబ్బందిని 24 గంటలలో 15 గంటలకు మించి, 72 గంటలలో 36 గంటలకు మించి పనిచేయించరాదని శాసించింది. నెత్తురులోని మద్యాన్ని కొలిచిన చట్టం అలసటను కూడా కొలవడం ఇక్కడ నేర్చుకున్నది. అంతటి వినాశనం తర్వాత కూడా రోజుకు 15 గంటల చాకిరీని అది సబబుగానే ఎంచింది!

ఈ పాఠం మనకు దూరపు పాఠం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్లకు నీతులు చెప్పి వూరుకోలేదు. సారాకొట్టు మూయించారు. ఆ ఉద్యమం సారా వేలంపాటలను అడ్డుకున్నది. తాగినవాణ్ణి నిలదీస్తూనే, తాగించి సొమ్ము చేసుకుంటున్న కాంట్రాక్టరును, ఆ సొమ్ములో వాటా తింటున్న ప్రభుత్వాన్ని కూడా వారు నిలదీశారు. 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో రాబడి పేరుతో నిషేధాన్ని సడలించారు. అయినా ఆ ఆడవాళ్లు ప్రశ్న వేసిన తీరు సరైనదే.

మన తీరాన పడవ మునిగినప్పుడు ‘తాగి వున్నాడా?’ అని అడగడం తప్పు కాదు. అడగవలసిందే. దానితోపాటు ఎన్ని గంటలు నిద్ర లేకుండా వేటలో వున్నాడు, పడవ ఎవరిది, మరమ్మతు చేయించనిదెవరు అని కూడా అడగాలి. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగేవాడు యజమానిని కాపాడుతున్నాడు. మిగిలిన ప్రశ్నలు మాత్రమే అడిగేవాడు చచ్చిన తోటి కూలివాణ్ణి మరిచిపోతున్నాడు. చట్టాన్ని కోరేటప్పుడు మనం ఈ ప్రశ్నలన్నీ అడిగే చట్టాన్నే కోరాలి.